మాల వేయిస్తే మానేస్తాడా? ముందు ఈ సంగతులు చూడండి

రొయ్యల చెరువు దగ్గర పనిచేసే మీ ఆయన రోజూ తాగొస్తున్నారని, ఏడో తరగతి బాబు తండ్రితో మాట మానేశాడని, అయ్యప్ప మాల వేయిస్తే దారికొస్తారా అని అడిగారు కదండీ.

మాల మంచిదే. కానీ రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆ పూటే చేతులు వణకడం, చెమటలు మొదలవ్వొచ్చు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడొచ్చు, మాట పొంతన తప్పొచ్చు. నియమం తప్పిన దోషమనో గాలి సోకిందనో ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. మాలకు ముందే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక విభాగంలో చూపించండి. వణుకు తగ్గే మాత్రలు, బీ1 విటమిన్ ఇస్తారు. తాగుడు మానిపిస్తాయంటూ కూరలో కలిపే పొడుల జోలికి అసలు పోవద్దు. అందులో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మందు) ఉంటే, తెలియక తాగినప్పుడు బీపీ పడిపోయి గుండెకే ముప్పు. 41 రోజులు బాగానే గడుస్తాయి, మాల తీసిన వారమే కష్టం. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లే రోజు ఆ వారంలోనే పెట్టుకోండి.

ఇక బాబు సంగతి. "నీ మీద ఒట్టురా, ఇక ముట్టను" అని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టడం మన వైపు మామూలే. మర్నాడు మళ్లీ తాగొస్తే, ఆ ఒట్టు తనకే తగులుతుందని పిల్లాడు లోపల వణికిపోతాడు. దయచేసి ఆ ఒట్టు వేయనివ్వకండి. బండి చప్పుడును బట్టే నాన్న ఎలా ఉన్నాడో కనిపెట్టి పుస్తకం మూసేసే వయసు వాడిది. మాట్లాడమని బలవంతపెట్టొద్దు. బెల్టు షాపు నుంచి తీసుకురమ్మని పంపొద్దు. మీ ఏడుపు అక్కయ్య దగ్గర చెప్పుకోండి గానీ వాడి దగ్గర వద్దు. "ఇది నీ వల్ల రాలేదు, మాన్పించే పనీ నీది కాదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. తాగి ఉన్నప్పుడు మాత్రం, ఎంత గొడవైనా, కాలవ గట్టు మీద బాబును ఆయన బండెక్కనివ్వకండి.

రాత్రి వాదన దండగండి, పొద్దున గుర్తే ఉండదు. టీ ఇచ్చేటప్పుడు, "నిన్న కంచం విసిరారు, వాడు పక్కింట్లో పడుకున్నాడు" అని జరిగినంత వరకే చెప్పి ఊరుకోండి. పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) నాటి డబ్బులు చేతికివ్వకుండా బ్యాంకులో వేయమని చెరువు రైతుతో మాట్లాడండి, అదీ ఆయన ఒప్పుకున్నాకే. లేకపోతే పరువు గొడవవుతుంది.

చెయ్యి చేసుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి, పిల్లాడి మీదికొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. మాటసాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఆయన రానన్నా మీరొక్కరే చెయ్యొచ్చు.