టీవీలు విప్పే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మేం బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం, సొంతూరు మదనపల్లె. మా అబ్బాయి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) సైన్స్. మా టీవీలో మాటలు వినిపిస్తూ బొమ్మ రాకపోతే, తెర మీద టార్చ్ వేసి చూసి బ్యాక్‌లైట్ పోయిందన్నాడు. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డు నుంచి ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు తెచ్చి వాడే బాగుచేశాడు. అప్పట్నుంచి అపార్ట్‌మెంట్లో ఎవరి మిక్సీ ఆగినా మా తలుపే తడుతున్నారు. పుస్తకం తీయడం తగ్గింది. ‘చివరికి రిపేరు షాపే’ అని మావారి కోపం. కరెంటుతో ఆటలని నాకు టెన్షన్. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దమ్మా. అలాగని ఇప్పుడున్నట్టే సాగనివ్వనూ వద్దు.

ముందు ఆ టార్చ్ సంగతి చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లల్లో చాలామందికి అది తోచదు. చీకట్లో తెరకి దగ్గరగా లైటు వేస్తే బొమ్మ నీడలా కనిపించిందంటే బొమ్మ చూపే ప్యానెల్ బాగానే ఉంది, వెనక వెలుగే లేదు. పైసా ఖర్చు లేకుండా, ఒక్క స్క్రూ తీయకుండా సగం అనుమానాలు కొట్టేశాడన్నమాట. ఇప్పుడు మీరు వాణ్ణి ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఒక్క ఎల్‌ఈడీ పోతే మిగతావి ఎందుకు ఆరిపోయాయి? పెళ్ళింటికి కట్టే సీరియల్ సెట్‌లా ఒకదాని వెనక ఒకటి కలిపారు కాబట్టి అన్నాడంటే, వాడికి ఫిజిక్స్ వచ్చు. అసలు ఆ ఎల్‌ఈడీ ఎందుకు పోయింది? చాలాసార్లు వేడికే. బ్యాక్‌లైట్ సెట్టింగ్ నిండా పెట్టి పొద్దస్తమానం నడిపితే అవి తొందరగా చస్తాయి. స్ట్రిప్ మార్చి సెట్టింగ్ తగ్గించకపోతే మళ్ళీ అదే కథ. ఈ రెండోదానికి జవాబు రాలేదంటే వాడికి ఇంకా పార్టు మార్చడం మాత్రమే వచ్చని అర్థం. అదేం తప్పు కాదు, వయసు పదిహేడేగా.

మీ టెన్షన్ మాత్రం న్యాయమైనదే. ప్లగ్ తీసినంత మాత్రాన టీవీలో కరెంటు పోయిందనుకోకూడదు. 230 వోల్టుల ఏసీ డీసీగా మారాక పవర్ బోర్డు మీద కరెంటు దాచుకునే పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైనే ఉంటుంది. బోర్డు పాడైనప్పుడు అది అలాగే నిలిచిపోవచ్చు. కెపాసిటర్ కాళ్ళకి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ‘టప్’మనిపించడం ఏ షాపులోనో చూసి నేర్చుకుని ఉంటాడు, అది వద్దు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. బాగుచేసిన సెట్‌ని మొదటిసారి సీరీస్ బల్బు మీదే, అంటే కరెంటు ఒక మామూలు ఫిలమెంట్ బల్బు గుండా వచ్చేలా కలిపి, ఆన్ చేయాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. మైక్రోవేవ్ ఓవెన్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీ విప్పనే కూడదు. వాటిలో ఉండేది వేల వోల్టులు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏదీ ముట్టుకోకూడదు. దీని మీద బేరం లేదు.

మీవారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ప్యానెల్ పగిలిన టీవీకి కొత్త ప్యానెల్ వేయడం కంటే ఇంకో టీవీ కొనడమే నయమనిపించే రోజులివి. టీవీ రిపేరు ఒక్కదాన్నే నమ్ముకుని బతకమని నేనూ చెప్పను. కానీ ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషీన్, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జర్, ఆసుపత్రి పరికరాలు, అన్నింటిలోనూ ఉన్నవి బోర్డులే. తప్పు ఎక్కడుందో పట్టుకునే చేతికి వీటన్నింట్లో పని ఉంది. కంపెనీల టెస్టింగ్ ల్యాబుల్లోనూ ఉంది.

దారి మార్కుల్ని బట్టి. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీలో ర్యాంకు బాగా వస్తే బీఈలో ఈసీఈ గానీ, ట్రిపుల్ ఈ గానీ. బెంగళూరులో ఉన్నాం కదా అని కంప్యూటర్ సైన్స్‌లోకి తోయకండి. ర్యాంకు రాకపోతే పీయూసీ సైన్స్ మీద డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది, ఆ తర్వాత డిప్లొమా వాళ్ళకి పెట్టే డీసెట్ రాసి బీఈ రెండో ఏడాదికి వెళ్ళొచ్చు. నిజం చెప్పాలంటే మీవాడి లాంటి వాళ్ళకి ఈ దారే నాకు ఎక్కువ ఇష్టం, చేతికి పని ఉంటుంది. తొందరగా సంపాదనలో పడాలంటే ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ ఉంది. ఇస్రో టెక్నీషియన్ పోస్టులకి అడిగేది పదో తరగతి, ఐటీఐలే. జాలహళ్ళి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) లాంటి చోట్ల అప్రెంటిస్‌గానూ తీసుకుంటారు.

ప్రస్తుతానికి చదువు. కర్ణాటక సీఈటీ ఇంజినీరింగ్ ర్యాంకులో సగం వెయిటేజీ పీయూసీ మార్కులదే. కాబట్టి పరీక్షలయ్యేదాకా పక్కింటి మిక్సీలు బంద్. ఆ మాట మీరే చెప్పండి, వాడు మొహమాటానికి చెప్పలేడు. ఆదివారం రెండు గంటలు మాత్రం ఎస్పీ రోడ్డు స్క్రాప్ బోర్డుల మీద టంకం పని చేసుకోనివ్వండి. ఒక నోటుబుక్ కూడా ఇవ్వండి. ఏ సెట్ వచ్చింది, ముందు ఏం అనుమానించాడు, మీటర్ ఎంత చూపించింది, చివరికి తేలిందేమిటి, తేలనివి ఎన్ని, అన్నీ రాయాలి. పరీక్షలయ్యాక ముగ్గురూ రండి. మార్కుల కంటే ముందు ఆ నోటుబుక్ చూస్తాను.