కయోటీల బెడదకు థర్మల్ స్కోప్: ఏది కొనాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో ఆస్టిన్‌కు ఉత్తరాన ఇరవై ఎకరాల పొలంలో మేకలు పెంచుతున్నాం. రాత్రిపూట కయోటీలు (నక్కను పోలిన అమెరికా అడవి జంతువులు) వచ్చి మేకపిల్లలను ఎత్తుకుపోతున్నాయి. నాకు గ్రీన్ కార్డు ఉంది, రైఫిల్ కొన్నాను, రాత్రి వేట మాత్రం పూర్తిగా కొత్త. 1,500 డాలర్లలో ఏ థర్మల్ స్కోప్ (వేడిని బట్టి చీకట్లో జంతువును చూపే, తుపాకికి బిగించే దుర్భిణి) కొనాలి? 1,200 గజాల దూరం చూస్తుందన్న ప్రకటనను నమ్మవచ్చా? సెలవుల్లో దాన్ని అనంతపురం తీసుకువెళ్లి మా వేరుశనగ చేలో పడే అడవిపందులను కనిపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ప్రకటనలోని 1,200 గజాలు అబద్ధం కాకపోవచ్చు గాని, మీకు పనికివచ్చే లెక్క అది కాదు. అంత దూరాన వెచ్చనిదేదో ఉందని తెరమీద ఒక చుక్క తెలుపుతుంది, అంతే. అది కయోటీయా, పొరుగువారి దూడా, మీ మందను కాసే కుక్కా అన్నది తెలియదు. మేకలకు కాపలాగా అక్కడ పెంచే గ్రేట్ పైరనీస్ కుక్క పగలు ఎంత తెల్లగా కనిపించినా థర్మల్ తెరకు రంగులతో పని లేదు, వేడి ఒక్కటే దానికి తెలుసు. అందుచేత జంతువు కనిపించే దూరాన్ని కాక, అదేమిటో పోల్చుకోగల దూరాన్ని చూసి కొనాలి.

ఆ దూరాన్ని మీరే లెక్కకట్టవచ్చు. ఇప్పటి స్కోపులలో చాలావాటి సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు ఉంటుంది. దాని ముందు 25 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే, 150 గజాల దగ్గర ఒక పిక్సెల్‌లో సుమారు ఆరున్నర సెంటీమీటర్ల మేర ఇముడుతుంది. తోక కాక 85 సెంటీమీటర్ల పొడవున్న కయోటీ పక్కకు తిరిగి నిలబడితే దాని ఒంటిమీద పదమూడు పిక్సెళ్లు పడతాయి కనుక కాళ్లు, వేలాడే తోక, నడక తీరు తెలుస్తాయి. 300 గజాలకు వెళితే ఆరే మిగులుతాయి. అప్పుడది కొంచెం సాగిన మచ్చ మాత్రమే. డిజిటల్ జూమ్ ఆ మచ్చను పెద్దది చేస్తుంది గాని కొత్త వివరమేదీ చూపదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. 256×192 (అడ్డంగా 256, నిలువుగా 192 పిక్సెళ్లు) సెన్సర్‌కు బదులు 384×288 కొంటే జంతువు మరింత వివరంగా కనిపిస్తుందనుకుంటారు. లెన్స్ అదే అయినప్పుడు జంతువు మీద పడే పిక్సెళ్ల సంఖ్య మారదు. మారేది కనిపించే వెడల్పు: 150 గజాల దగ్గర మొదటిదానిలో పద్దెనిమిది గజాల మేర కనిపిస్తే, రెండవదానిలో ఇరవై ఏడు గజాల మేర కనిపిస్తుంది. వెడల్పు తక్కువైతే చుట్టుపక్కల వెతకడం కష్టమవుతుంది, ఆ కష్టానికి విరుగుడుగా తుపాకినే అటూ ఇటూ తిప్పుతూ వెతికే అలవాటు పడుతుంది. ఏముందో తెలియని వైపు గొట్టం తిప్పడం కన్నా చెడ్డ అలవాటు వేటలో లేదు.

కాబట్టి ఉన్న డబ్బంతా ఒకే స్కోపు మీద పెట్టవద్దంటాను. మీది ఇరవై ఎకరాలే గనుక 150 గజాలు దాటి కాల్చే అవసరం అరుదు. 25 మిల్లీమీటర్ల లెన్సున్న 256 తరగతి స్కోపు, ఉదాహరణకు ఏజీఎం రాట్లర్ వరుసలోనిది, దాదాపు వెయ్యి డాలర్లకు దొరుకుతుంది. మిగిలిన సొమ్ముతో 10 మిల్లీమీటర్ల లెన్సున్న 256 తరగతి చేతి థర్మల్ మోనాక్యులర్ (ఒంటికంటి దుర్భిణి) కొంటే, 150 గజాల దగ్గర నలభై ఆరు గజాల మేర ఒక్క చూపులో పడుతుంది. దానితో వెతికి, ఏమిటో తేల్చుకున్నాకే రైఫిల్ ఎత్తండి. వీడియో రికార్డింగ్ కోసం అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టవద్దు. వివరాల పట్టికలో మిల్లీకెల్విన్ల అంకె (సెన్సర్ పసిగట్టగల అతి చిన్న వేడి తేడా) ఎంత తక్కువైతే అంత మంచిది; మంచు, వాన, ఉక్క ఉన్న రాత్రుల్లో దాని విలువ తెలుస్తుంది.

తెరమీద బొమ్మను చూసి దూరం అంచనా వేయడం కష్టం. దగ్గరి కుందేలూ దూరపు కయోటీ ఒకే పరిమాణంలో కనిపించి మోసం చేస్తాయి. పగటివేళ కంచె స్తంభాలకు, చెట్లకు మీ మాటు నుంచి ఎన్ని గజాలో కొలిచి రాసిపెట్టుకోండి. గురి సరిచూసుకోవడానికి మామూలు కాగితపు గుర్తు థర్మల్‌లో కనిపించదు. చలికాలంలో చేతులు కాచుకునే వేడి ప్యాకెట్‌ను అట్టమీద అంటించి కాల్చి చూడండి.

చట్టం సంగతి: టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో, యజమాని అనుమతితో, కయోటీని ఏడాది పొడవునా రాత్రింబగళ్లు వేటాడవచ్చు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ పొందాలి. పదిహేడేళ్లు నిండినవారికి అది ఆన్‌లైన్‌లోనే పూర్తవుతుంది. వేట లైసెన్సు కూడా తీసి ఉంచుకోండి. హెచ్-1బీ వీసా మీద ఉన్న మిత్రులు సరదాకు మీ రైఫిల్ పట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే వారి చేతిలో తుపాకి ఉండటం ఫెడరల్ నేరం.

అనంతపురం ఆలోచన మానుకోండి. థర్మల్ స్కోపు అమెరికా ఎగుమతి నియంత్రణలో ఉన్న వస్తువు, లైసెన్సు లేకుండా సూట్‌కేసులో పెట్టి దేశం దాటించకూడదు. ఇక్కడ భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని వేటాడటం నేరం. చేలో పందుల బెడద ఎక్కువైతే అటవీ అధికారులకు అర్జీ పెట్టించండి.