టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకి ఏఆర్-15 తెస్తున్నారా? పిడి కన్నా ముందు పేరు చూడండి

డాలస్ నుంచి శాన్ హోసేకి మారుతున్నానని, ఏఆర్-15 రైఫిల్ ఉందని, దాని పిస్టల్ గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) మార్చేస్తే కాలిఫోర్నియాలో చెల్లుతుందని స్నేహితులు చెప్పారని, అది నిజమేనా అని మీరు అడిగారు. అది సగమే నిజం. ఆ సగాన్ని నమ్ముకుని బండెక్కితే సరిహద్దు దాటగానే మీరు అసాల్ట్ వెపన్‌ని (చట్టం నిషేధించిన రకం తుపాకీని) రాష్ట్రంలోకి తెచ్చినవారవుతారు. అది ఇక్కడ ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. నాలుగు, ఆరు లేదా ఎనిమిదేళ్ళ శిక్ష అని చట్టంలో రాసి ఉంది. కాబట్టి మార్పులన్నీ టెక్సాస్‌లోనే చేసుకుని రావాలి. "అక్కడికెళ్ళాక తీరిగ్గా చూసుకుందాంలే" అనే మాట దీనికి పనికిరాదు.

నేను శాక్రమెంటో దగ్గర ఉంటాను. చాలా ఏళ్ళుగా షూటింగ్ రేంజికి వెళ్తున్నాను. మా బావమరిది టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఇక్కడికి మారినప్పుడు అక్కడికి వెళ్ళి ఇదంతా దగ్గరుండి చేయించాను. అతని దగ్గర రెండు రైఫిళ్ళు ఉండేవి. ఒకటి షాపులో కొత్తగా కొన్నది. రెండోది ఆఫీసులో రిటైరైపోతున్న పెద్దాయన దగ్గర తీసుకున్న పాతది. రెండోదంటే అతనికి ప్రాణం. నూనె పెట్టి, గుడ్డతో తుడిచి, అపురూపంగా చూసుకునేవాడు.

ఫ్రిస్కోలో అతని గరాజ్‌లో పాత దుప్పటి పరిచి రెండూ పక్కపక్కన పెట్టాం. ఆగస్టు ఎండకి గరాజ్ పొయ్యిలా ఉంది. అతను ఆన్‌లైన్‌లో తెప్పించిన, పిస్టల్ గ్రిప్‌కి బదులు పెట్టే ఫిన్ గ్రిప్పులు, స్క్రూలు ముందేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. "అవి పక్కన పెట్టు, ముందు ఫోన్ లైటు వెయ్యి" అన్నాను. గుళ్ళుండే మ్యాగజైన్ దూర్చే చోట ఎడమ పక్కన, లోయర్ (తుపాకీ కింది భాగం) మీద కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. కొత్తదాని మీద ఉన్న పేరు రాష్ట్రం నిషేధించిన జాబితాలో లేదు. పాతదాన్ని తిప్పి, అక్షరాల్లో ఇరుక్కున్న మసి గోటితో గీకి చదివాం. కోల్ట్. ఏఆర్-15.

"ఇది రాదు" అన్నాను.

"గ్రిప్ మారుస్తున్నాం కదా బావా! రెండూ ఒకటే తుపాకీ, అదే గుండు, అవే పార్టులు. కావాలంటే దీని పైభాగం తీసి దానికి పెట్టి చూపిస్తాను."

అతను చెప్పిందీ నిజమే, రెండింటి భాగాలూ ఒకదానికొకటి సరిపోతాయి. కానీ కాలిఫోర్నియాలో పేరు పెట్టి నిషేధించిన తుపాకీకి పిడి మార్చినా, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మార్చినా ఒరిగేదేమీ లేదు. ఆ పేరు చెక్కిన లోయర్ ఒక్కటి, ఒట్టి అల్యూమినియం ముక్కగా పెట్టెలో పడి ఉన్నా సరే, అది అసాల్ట్ వెపనే. ఆ సాయంత్రం అతను నాతో సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు అక్కడి డీలర్ ద్వారా అమ్మేశాం.

మీ స్నేహితులు ఈ సంగతి ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. యూట్యూబ్‌లో ఎవరూ పేర్ల దగ్గర మొదలుపెట్టరు. అందరూ పార్టులు అమ్ముకునేవాళ్ళే. పేరు దగ్గరే ఆగిపోయే తుపాకీకి పార్టు అమ్ముడుపోదు కదా.

అసలు పేర్ల గొడవ ఎలా వచ్చిందంటే, 1989 జనవరిలో స్టాక్టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఒకడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో (ట్రిగర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలేది) కాల్చి అయిదుగురు పిల్లల్ని చంపాడు. చనిపోయినవాళ్ళు ఆగ్నేయాసియా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలు. ఆ ఏడాదే రాష్ట్రం పేర్లతో జాబితా వేసి నిషేధించింది. కంపెనీలు పేరు మార్చి అదే తుపాకీ అమ్మాయి. 1999లో ఇంకో చట్టం చేసి, 2000 నుంచి మ్యాగజైన్ ఊడే రైఫిళ్ళని పిస్టల్ గ్రిప్ లాంటి లక్షణాలను బట్టి నిషేధించారు. దానికి విరుగుడుగా, వేలితో నొక్కితే మ్యాగజైన్ ఊడని బుల్లెట్ బటన్ వచ్చింది. పనిముట్టు లేకుండా మ్యాగజైన్ ఊడకపోతే చాలన్నారు, తూటా మొన కూడా పనిముట్టే అన్నారు, తూటా మొనతో నొక్కి ఊడదీసేవాళ్ళు. 2015 డిసెంబరులో శాన్ బెర్నార్డినోలో 14 మంది చనిపోయాక ఆ దారీ మూసేశారు. 2017 నుంచి ఆ బటన్ ఉన్నా అసాల్ట్ వెపనే. అప్పటికే అలాంటి తుపాకులున్నవాళ్ళకి రిజిస్టర్ చేసుకునే గడువు 2018 జూన్‌తో అయిపోయింది. మీకు ఆ అవకాశం లేదు.

ఇక కొత్త రైఫిల్‌కి చేసినవి. సెంటర్‌ఫైర్ (ఏఆర్-15 వాడే రకం) గుండు పేల్చే సెమీ ఆటో రైఫిల్‌కి, మ్యాగజైన్ ఊడేదైతే, పిస్టల్ గ్రిప్ ఉండకూడదు, బొటనవేలు దూరే రంధ్రమున్న స్టాక్ గానీ, మడిచే లేదా ముందుకీ వెనక్కీ జరిగే స్టాక్ గానీ ఉండకూడదు, ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు వచ్చే మంట మెరుపుని తగ్గించేది) ఉండకూడదు, ముందు చేతికి నిలువు పిడి ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కుదరదు. మీ స్నేహితులు గ్రిప్ ఒక్కటి చెప్పి వదిలేశారు.

ఫిన్ గ్రిప్ అంటే పిడి వెనక షార్క్ రెక్కలా ఒక ప్లాస్టిక్ పలక. బొటనవేలు పిడి చుట్టూ తిరక్కుండా అది అడ్డుపడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం ట్రిగర్ పైఅంచు కన్నా కిందికి దిగకూడదని నిబంధన. మా వాడు చెయ్యి పెట్టి చూసి, బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలీక గాల్లో ఆడించాడు. అలవాటవుతుంది, నాకైంది. స్టాక్ జరక్కుండా పిన్ను కొట్టించాం. మొత్తం పొడవు 30 అంగుళాలకు తగ్గకూడదు, టేపు పెట్టి కొలిచాం. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది బ్యారెల్ చివరి ఫ్లాష్ సప్రెసర్. పక్కింటి మెక్సికన్ ఆయన దగ్గర బెంచి వైసు తెచ్చి బిగిస్తే గానీ ఊడలేదు. దాని స్థానంలో, కాల్చినప్పుడు వెనక్కి తన్నడాన్ని తగ్గించే మజిల్ బ్రేక్ పెట్టాం. కొనేటప్పుడు జాగ్రత్త. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, కొన్ని రెండు పనులూ చేస్తాయి, ఆ రెండు పనులూ చేసేవి ఇక్కడ చెల్లవు.

30 గుళ్ళ మ్యాగజైన్లు అక్కడే స్నేహితుడికి ఇచ్చేశాం. ఇక్కడికి 10 కన్నా ఎక్కువ పట్టేవి తేకూడదు.

మ్యాగజైన్ ఊడకుండా బిగించేసుకుంటే పిస్టల్ గ్రిప్ ఉంచుకోవచ్చు కదా అని కొందరంటారు. చట్టం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను. దానికి మ్యాగజైన్ తీయాలంటే ప్రతిసారీ వెనక పిన్ను లాగి తుపాకీని తెరవాలి. లోపల రెండు గుళ్ళు ఇరుక్కున్నాయనుకోండి, మ్యాగజైన్ తీసి సరిచేద్దామంటే తుపాకీ తెరుచుకోదు. రేంజిలో పక్కన పిల్లలూ, కొత్తవాళ్ళూ ఉండగా అలాంటి తుపాకీతో కుస్తీ పట్టేవాణ్ణి చూస్తే నాకు టెన్షన్. ఫిన్ గ్రిప్పే మేలు.

ఈ చట్టం ఉద్దేశం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. తుపాకీ సులభంగా దొరక్కూడదనే నేనూ అంటాను. కానీ చూడాల్సింది పిడిని కాదు, పట్టుకునేవాణ్ణి. మా ఊళ్ళో అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి మా తాతగారికి ఒంటిగొట్టం తుపాకీ లైసెన్సు ఉండేది. పోలీసులు విచారించి, కలెక్టరాఫీసు సంతకమైతేనే లైసెన్సు. ఎన్నికలొస్తే తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. మనిషికి ఆ మాత్రం పరీక్ష పెడితే ఫిన్ గ్రిప్పుల కన్నా ఎంతో ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని నా గట్టి నమ్మకం.

"కోర్టు ఈ చట్టాన్ని కొట్టేసిందట" అని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. శాన్ డియేగో ఫెడరల్ జడ్జి 2021లో ఒకసారి, 2023లో మరోసారి కొట్టేసిన మాట నిజమే. రెండుసార్లూ అప్పీలు కోర్టు ఆ తీర్పు అమలు కాకుండా ఆపింది. వాట్సాప్ గ్రూపుల్లో మొదటి సగమే తిరుగుతుంది.

మీరు అడగకపోయినా అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. బంగారం కోసం మన ఇళ్ళలో దొంగలు పడుతున్నారన్న వార్తలు చూసి మనవాళ్ళు తుపాకీ కొనేస్తున్నారు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ లైసెన్సు గడువు అయిపోయిన రోజున గరాజ్‌లో ఉన్న తుపాకీ మీ మెడకి చుట్టుకుంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, కానీ తుపాకీ చట్టం కింద నేరం రుజువైతే గ్రీన్ కార్డున్నా దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. పక్కింటి అమెరికన్‌కి ఫిన్ గ్రిప్ సంగతి లాయరు ఫీజుతో పోవచ్చు. మనకి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ దాని మీదే వేలాడుతుంటాయి. "మా టెక్సాస్ మిత్రుడు మార్చుకోమన్నాడు" అనేది ఇమిగ్రేషన్ జడ్జి ముందు జవాబు కాదు. గ్రీన్ కార్డు లేకపోతే సామాను సర్దే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. తుపాకీ షాపువాడి మాట మీద వెళ్ళకండి.

దారిలో తుపాకీలో గుళ్ళు లేకుండా, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో పెట్టి న్యూ మెక్సికో, అరిజోనా దాటాం. కాలిఫోర్నియా సరిహద్దులో బ్లైత్ దగ్గర చెక్‌పోస్టులో పళ్ళు, మొక్కలు ఉన్నాయా అని అడిగారు. మా బావమరిది భార్య "అన్నయ్యగారూ, కుండీ చిన్నదే, సీటు కింద పెడతాను" అని బతిమాలినా కరివేపాకు మొక్కని ముందే ఫ్రిస్కోలో పక్కవాళ్ళకి ఇప్పించేశాను. నిమ్మజాతి చెట్లకి తెగులు వస్తుందని దాన్నీ తేనివ్వరు.

ఇక్కడికి వచ్చాక 60 రోజుల్లోపు మీ దగ్గరున్న తుపాకుల వివరాలు రాష్ట్ర న్యాయ శాఖకి తెలపాలి. దానికి న్యూ రెసిడెంట్ రిపోర్ట్ అని ఫారం ఉంది, కొద్దిపాటి ఫీజు కట్టాలి. మా వాడు ఇంట్లో అట్టపెట్టెలు విప్పకముందే అది నింపి పంపాడు.