పవర్ స్టీరింగ్ అప్పుడప్పుడు బిగుసుకుపోతుంటే ముందు చూడవలసినది

పన్నెండేళ్ల నాటి మీ కారులో మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కి ఈపీఎస్ (ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) దీపం వెలుగుతోందని, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలవుతోందని, మెకానిక్ స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింద ఉండే కడ్డీ భాగం) మార్చాలన్నారని రాశారు. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి.

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు ఆయిల్ పంపు ఉండదు. కారు దాదాపు నిలిచి ఉన్నప్పుడు చక్రాలు తిప్పితే దాని మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి, ఆ క్షణంలో వోల్టేజి బాగా పడిపోతే కంట్రోల్ యూనిట్ మోటారును ఆపేస్తుంది.

రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వరకు చూపాలి. తరువాత మల్టీమీటరు ఒక వైరును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండోదాన్ని బాడీ మీద రంగు లేని లోహానికి ఆనించి, ఇంజిన్ నడుస్తుండగా మరొకరిచేత స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పించండి, 0.2 వోల్టులు దాటితే ముందు ఎర్త్ వైరును (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపేదాన్ని) అనుమానించాలి. నా కారులో ఆ వైరును బాడీకి బిగించే బోల్టు పైకి శుభ్రంగానే కనిపించింది, విప్పితే వాషరు కింద ఆకుపచ్చని చిలుము పేరుకొని ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాక ఆ బాధ మళ్లీ రాలేదు.

ఇవన్నీ బాగుంటే స్కానరుతో కారు నమోదు చేసుకున్న లోపం కోడ్ చదివించి, చెరపకముందే రాసుకోండి. టార్క్ సెన్సర్ (స్టీరింగ్‌ను ఎంత బలంగా తిప్పుతున్నారో కొలిచేది) కోడ్ వస్తేనే కాలమ్ సంగతి ఆలోచించాలి; తేలేవరకు ఘాట్ రోడ్డు మీదికి మాత్రం తీసుకువెళ్లకండి.