ఫ్లాపీ రౌటర్‌లో డ్రైవర్ చేర్చడం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

క్యూఎములో (కంప్యూటర్‌లోనే మరో ఊహా కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాంలో) బేరింగ్ ఫ్లాపీ (పాత కంప్యూటర్‌ను రౌటర్‌గా మార్చే, ఒక్క ఫ్లాపీలో ఇమిడే లినక్స్) బూట్ అయి లాగిన్ వరకూ వచ్చిందనీ, ఒక్క నెట్‌వర్క్ కార్డు మాత్రం కనబడడం లేదనీ రాసిన ఉత్తరం చేరింది. కార్డును నడిపే చిన్న ప్రోగ్రాములైన డ్రైవర్ల వేటకు వెంటనే బయలుదేరకు. నిజమైన కంప్యూటర్‌లో ఏ కార్డు బిగించి ఉంటే దానికి తగిన డ్రైవర్‌ను మనమే వెతుక్కోవాలి. వర్చువల్ మెషీన్‌లో కార్డునే మార్చుకోవచ్చు. అందువల్ల మొదట రౌటర్‌లోని లిబ్ కింద ఉన్న మాడ్యూల్స్ (కెర్నల్‌లోకి, అంటే లినక్స్ మూల భాగంలోకి, విడిగా ఎక్కించే డ్రైవర్ ఫైళ్లు) డైరెక్టరీని తెరిచి, అక్కడ ఏ డ్రైవర్లున్నాయో చూడు. పీసీనెట్32 ఉంటే క్యూఎములో పీసీనెట్ కార్డు పెట్టుకో, 8139టూ ఉంటే రియల్‌టెక్ 8139 పెట్టుకో. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

నేర్చుకోవడానికే డ్రైవర్ చేర్చాలనుకుంటున్నానంటావని తెలుసు కాబట్టి మిగిలినది రాస్తున్నాను. 2.4 కెర్నల్‌లో ప్రాక్ కింద పీసీఐ అనే ఫైలు ఉంటుంది. దాన్ని చదివితే కార్డు ఏదో తెలుస్తుంది. తర్వాత యూనేమ్ కమాండ్‌తో కెర్నల్ వెర్షన్ చూసి కాగితం మీద రాసుకో. 2.4.20 కెర్నల్‌కు 2.4.18 కోసం కంపైల్ చేసిన మాడ్యూల్ పనికిరాదు, చివరి అంకె ఒక్కటే కదా తేడా అని సరిపెట్టుకోవద్దు. బలవంతంగా ఎక్కించే ఆప్షన్ ఒకటుంది కానీ దాని జోలికి పోకు. ఆ బేరింగ్ విడుదలతో పాటు వచ్చిన మాడ్యూళ్ల కట్టలోంచే ఫైలు తీసుకో. 2.4 కాలపు మాడ్యూళ్ల పేర్ల చివర డాట్ ఓ ఉంటుంది, 2.6 నుంచి వచ్చిన డాట్ కేఓ ఫైళ్లు ఇక్కడ ఎక్కవు.

ఒక మాడ్యూల్ తెచ్చుకుంటే సరిపోతుందనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. ఎన్ఈ2కే-పీసీఐకి 8390 కావాలి, 8139టూకు ఎంఐఐ కావాలి. ఈటీసీలోని మాడ్యూల్స్ ఫైలులో పేర్లు పై నుంచి కిందికి వరుసగా ఎక్కుతాయి కాబట్టి ఆధారమైనదాన్ని ముందు లైనులో, దానిమీద ఆధారపడేదాన్ని తర్వాతి లైనులో రాయాలి. తారుమారైతే ‘అన్‌రిజాల్వ్డ్ సింబల్’ అనే లైన్లు తెర నిండా వస్తాయి. అవి చూసి ఫైలు పాడైందని కంగారుపడకు, వరుస సరిచేస్తే చాలు. అసలు ఆ ఫైలు ముట్టుకోకముందే మాడ్యూల్‌ను ఎక్కించే ఇన్‌స్మాడ్ కమాండ్‌తో చేత్తో ఒక్కొక్కటి ఎక్కించి చూడడం మంచిది.

మాడ్యూల్ ఫైళ్లను రౌటర్‌లోకి చేర్చడానికి రెండో ఫ్లాపీ ఇమేజ్ (ఫ్లాపీలా పనిచేసే ఫైలు) ఒకటి తయారుచేసుకుని, క్యూఎముకు ఆజ్ఞలిచ్చే ‘మానిటర్’లోంచి డ్రైవ్‌లోని ఇమేజ్‌ను మార్చి, మౌంట్ చేసి కాపీ చేసుకో. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పని కాగానే అన్‌మౌంట్ చేసి, అసలు బూట్ ఇమేజ్‌ను మళ్లీ డ్రైవ్‌లో పెట్టాలి. లేకపోతే బ్యాకప్ వెళ్లి తప్పు ఫ్లాపీలో పడుతుంది.

బ్యాకప్ అనే మాట వచ్చింది కాబట్టి నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన చోట పాత కంప్యూటర్ ఒకదాన్ని ఇలాగే రౌటర్‌గా మార్చి, మధ్యాహ్నమంతా కూర్చుని రెండు కార్డులనూ లేపాను. సాయంత్రం కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి నేను చేసినదేదీ లేదు. ఈ వ్యవస్థ మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది, ఎల్ఆర్‌సీఎఫ్‌జీ అనే బేరింగ్ సెట్టింగుల మెనూలోంచి, మార్చిన ప్యాకేజీలను (ఫైళ్ల కట్టలను) ఫ్లాపీకి రాయించేదాకా మనం చేసినదేదీ నిలవదు. మాడ్యూల్ ఫైళ్లను ఒక ప్యాకేజీలో, వాటి జాబితా ఉన్న ఈటీసీని మరో ప్యాకేజీలో చూడాల్సి రావచ్చు కాబట్టి రెండూ రాయించు.

రాయించే ముందు చోటు చూసుకో. మామూలు ఫ్లాపీకి 14,74,560 బైట్లే. ట్రాకుకు 21 సెక్టార్లతో ఫార్మాట్ చేసిన బేరింగ్ ఫ్లాపీకి 17,20,320 బైట్లు. అందులోనే కెర్నల్, షెల్, ఫైర్‌వాల్ అన్నీ సర్దుకోవాలి. ఇరుకైతే వాడని డ్రైవర్లను తీసేయి. నువ్వే కంపైల్ చేసుకున్న మాడ్యూల్ అయితే ఫైలులోని అదనపు సమాచారం తీసేసే స్ట్రిప్ కమాండ్‌కు జీ ఆప్షన్ ఇచ్చి డీబగ్ సమాచారం మాత్రమే తొలగించు. ఆప్షన్ లేకుండా స్ట్రిప్ చేస్తే లోడ్ కావడానికి కావలసిన పేర్లు కూడా పోతాయి.

ఒకే రకం కార్డులు రెండు పెడితే ఒకే డ్రైవర్ రెండింటినీ నడుపుతుంది, కానీ లినక్స్ పెట్టే పేర్లలో ఏది ఈథ్0 అయిందో ఏది ఈథ్1 అయిందో చూడగానే తెలియదు. క్యూఎములో రెండింటికీ చివరి అంకెలు వేరుగా ఉండేలా మ్యాక్ అడ్రసులు (కార్డు గుర్తింపు సంఖ్యలు) నువ్వే ఇచ్చి, ఐపీ లింక్ కమాండ్ చూపించే వాటితో పోల్చుకో. బేరింగ్‌లో లోపలి వైపు ఈథ్1కి మొదటి నుంచీ 192.168.1.254 అడ్రస్ ఉంటుంది, అక్కడినుంచి పింగ్ చేసి చూడవచ్చు.

రీబూట్ చేశాక కూడా కార్డు రాకపోతే ఎక్కిన మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్ వరుసనూ, కెర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్ చివరి లైన్లనూ యథాతథంగా రాసి పంపు.

ఇట్లు,
నీ మామయ్య