పుస్తెలు తాకట్టు పెట్టి సీజన్ సరుకులా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మా వారు పరవాడ వైపు ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నారు. ఇద్దరు పిల్లలు, అత్తయ్య మాతోనే ఉంటారు. నెలకు చేతికి 58 వేలు వస్తే ఖర్చులకు 48 వేలు పోతాయి. ఏ కాలంలో పండేది ఆ కాలంలోనే తినాలని మూడేళ్లుగా పాటిస్తున్నాం. బియ్యం, కందిపప్పు, బెల్లం, చింతపండు, ఎండుమిర్చి, ఆవకాయ సామాను ఏడాదికి సరిపడా సీజన్‌లోనే కొంటాం. ఈ సరుకులకే ఏడాదికి 48 వేలు అవుతుంది. నెలనెలా విడిగా కొనడంతో పోలిస్తే 9 వేలు కలిసొస్తుందని నా లెక్క. ఇవన్నీ క్రెడిట్ కార్డు మీద కొన్నాం. 40 వేలు బాకీ ఉంది, నెలకు 2 వేలు కడుతున్నాం. సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేదాంట్లో 65 వేలు, బ్యాంకులో 11 వేలు ఉన్నాయి. ఇప్పుడు నా నగల మీద లక్ష గోల్డ్ లోన్ తీసుకుని, 40 వేలు కార్డుకు కట్టి, 35 వేలతో మామిడి గుజ్జు, బఠానీ దాచుకోవడానికి డీప్ ఫ్రీజర్ కొని, 25 వేలు ఒక తోటాయనకు అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నాం. ఏడాది పొడవునా కూరగాయలు, పండ్లు పంపి, చివర్లో 12 శాతం కలిపి డబ్బు తిరిగి ఇస్తానంటున్నారు. మంచిదేనా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు మాకు వారం వారం వస్తూనే ఉంటాయి. వస్తువే మారుతుంది. ఒకరు స్కూలు ఫీజు అంటారు, ఒకరు పండగ బట్టలు అంటారు, మీరు చింతపండు అంటున్నారు. తప్పు మాత్రం ఒకటే. ఏ నెలలో ఎంత అవుతుందో ముందే తెలిసిన ఖర్చుని, ఉన్నట్టుండి నెత్తిన పడినట్టు అప్పుతో తీర్చడం.

మీ సరుకుల 48 వేలు ఎప్పుడు ఖర్చవుతాయో చూడండి. సంక్రాంతికి కొత్త బియ్యం, ఆ వెనకే కందిపప్పు, అనకాపల్లి బెల్లం. మార్చి, ఏప్రిల్‌లలో కొత్త చింతపండు, మిర్చి. మే వచ్చిందంటే ఆవకాయ. ఏడాది సరుకంతా ఐదు నెలల్లో మీద పడుతుంది, ఊపిరి తీసుకునేలోగా జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు. ఈ క్రమం మీ అత్తగారికి కంఠతా వచ్చి ఉంటుంది. అయినా ప్రతి జనవరిలోనూ కార్డు బయటికి వస్తోందంటే, ఆగస్టులోనో సెప్టెంబరులోనో దీనికోసం ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టలేదన్నమాట.

మీకు కలిసొచ్చిందన్న 9 వేల సంగతి చూద్దాం. కార్డు బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ వేసుకుంటే 40 వేలకు 1,400. దాని మీద జీఎస్టీ 252. మీరు కట్టే 2 వేలలో 1,652 ఇలాగే పోతోంది, అసలు తగ్గేది 348 రూపాయలు. ఈ లెక్కన ఆరు నెలలు తిరక్కుండానే, సీజన్‌లో కొని మిగిల్చిన 9 వేలూ బ్యాంకుకి చెల్లించేస్తారు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని రోజులంటూ ఉండవు, గీసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. కందిపప్పు కిలోకి పది రూపాయలు తగ్గించమని పూర్ణా మార్కెట్‌లో అరగంట బేరమాడేవాళ్లు కూడా కార్డు స్టేట్‌మెంట్ రెండో పేజీ తిప్పరు, అదే నాకు చిత్రం.

ఇక గోల్డ్ లోన్. గోదావరి జిల్లాల్లో ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అంటారు. సరదాకి అనుకునే మాట అది. మీరు దాన్ని ఏకంగా బ్యాంకు దరఖాస్తు మీద రాసేలా ఉన్నారు! కార్డు వడ్డీతో పోలిస్తే గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే, కాదనను. కానీ మీరు 40 వేల బాకీ తీర్చడానికి లక్ష అప్పు చేస్తున్నారు. ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకునే ఇళ్లు ఎన్నో చూశాను. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. బ్యాంకులో 11 వేలే ఉన్న మీ ఇంట్లో, రాత్రి రెండు గంటలకు అత్తగారికి గుండెల్లో నొప్పి వస్తే ఆదుకునేది ఆ నగలే. వాటిని ఫ్రీజర్ కోసం ఇప్పుడే పెట్టేస్తే అప్పుడు దేన్ని పెడతారు? ఏడాది తిండి ఇంట్లో ఉంది కదా అన్న ధైర్యం ఇంటికి సంబంధించినంతవరకే. ఆవకాయ జాడీ చూపిస్తే ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టించుకోరు.

మీకు ఫ్రీజర్ అక్కర్లేదు. డిసెంబరులో మామిడి గుజ్జు తినడానికి ఫ్రీజర్ కొనడం సీజన్ తిండి ఎలా అవుతుంది? సువర్ణరేఖ మామిడి అయిపోతే అయిపోయినట్టే. నేరేడు వస్తుంది, వానలు పడితే ఆగాకర, చలి మొదలయ్యే ముందు ఏజెన్సీ సీతాఫలం, కార్తీకంలో ఉసిరి, ఆ తర్వాత చిక్కుడు, తేగలు. వీటికి పెట్టుబడి అక్కర్లేదు, సంచి పట్టుకుని వారానికోసారి రైతుబజారుకి వెళ్తే చాలు, విరివిగా వచ్చే రోజుల్లో ధర దానంతటదే దిగుతుంది. చేపలు తినేవాళ్లయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ 61 రోజులూ సముద్రపు చేప ధర జోలికి పోకండి. మీరు మొదట పెట్టుకున్న నియమం మంచిది, చవకైనది కూడా. దానికి ఏడాది నిల్వలు, ఆ నిల్వకి అప్పు, ఆ అప్పుకి ఇంకో అప్పు చేర్చుకున్నారు. ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు పనికొచ్చింది చేతిలో ఉన్న నగదు. ఫ్రీజర్లలో ఉన్నదంతా ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. సిప్‌లో ఉన్న 65 వేలలోంచి 40 వేలు తీసి కార్డు మొత్తం కట్టేయండి, ఈ నెలలోనే. ఏటా 42 శాతం వడ్డీ కడుతూ మార్కెట్ నుంచి 12 శాతం వస్తుందేమో అని ఎదురు చూడటం పెట్టుబడి అనిపించుకోదు. మిగతా 25 వేలు, బ్యాంకులోని 11 వేలు కలిపితే 36 వేలు. మీ అత్యవసర నిధికి అదే తొలి మెట్టు. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు అంటే 2 లక్షల 88 వేలు కావాలి. నెలకు మిగిలే 10 వేలలో 6 వేలు దీనికి వేస్తే మూడున్నరేళ్లు పడుతుంది. ఎక్కువ కాలమే. అందుకే బోనస్, ఎరియర్స్ ఏవి వచ్చినా ముందు ఇందులోకే పోవాలి. మూడు నెలల ఖర్చు జమయ్యాక, అంటే సుమారు ఏడాదిన్నరకి, సిప్ మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అప్పటిదాకా ఆపేయండి. ఈ నిధిలో పది వేలు ఇంట్లో నగదుగా, మిగతాది అడిగిన రోజు చేతికొచ్చే చోట ఉంచండి. చింతపండుకి ఇందులో చెయ్యి పెట్టకూడదు. అది అత్తగారు అడిగినా సరే.

సరుకులకు మిగతా 4 వేలు. ఈ జూలైలో బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెడితే సంక్రాంతి నాటికి 24 వేలు ఉంటుంది, ఆవకాయ రోజులకు మొత్తం మీద 44 వేలు జమవుతుంది. మొదటి ఏడాది ఆ డబ్బుకి వచ్చినంతే కొనండి, తక్కువ పడితే బియ్యం అర్ధ సంవత్సరానికే తీసుకోండి. వడ్డీ లేదని చెప్పే వాయిదాలు, అదే నో-కాస్ట్ ఈఎంఐ అంటే నగదుకి ఇచ్చే తగ్గింపు వదులుకోవడమే, అటు చూడకండి. లోన్ యాప్‌ల గురించి మీరు అడగలేదు, సంతోషం.

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో అత్తగారి పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే ఆవిడకు విడిగా పాలసీ తీసుకోవాలి. మీ వారికి టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు, లేకపోతే అదీ తప్పదు.

తోటాయన సంగతి. కూరగాయలు పంపడం వ్యాపారం. డబ్బు 12 శాతం కలిపి తిరిగి ఇస్తాననడం డిపాజిట్. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధిస్తూ 2019లో చట్టమే వచ్చింది. వానలు వెనకబడినా, తుఫాను కొట్టినా ఆయన మీకు చూపించేది ఖాళీ తోటే. ఆయన దగ్గర పండ్లు బాగుంటే వచ్చిన బుట్టకి వచ్చిన రోజే డబ్బిచ్చి కొనుక్కోండి. ఇప్పటికే కొంత ముట్టజెప్పి ఉంటే మాత్రం, అది సరుకు కోసమే ఇచ్చిన సొమ్మని, ఎంత సరుకో, ఎప్పటిలోగా ఇస్తారో సంతకంతో రాయించుకుని, మిగతాది ఇవ్వడం ఆపేయండి.