ఆ టాప్ చిరిగింది ఎవరి చేతిలో?

ప్రశ్న (2025 నవంబర్‌లో వచ్చిన ఉత్తరం, కుదించి): మాది విజయనగరం, కొత్తపేట దగ్గర ఇరుకు వీధి. ఇంటికి కారు పెట్టుకునే జాగా లేదు, వీధిలోనే ఉంచుతాం. మా నాన్నగారి కోరిక మీద 2022లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ మినీ కూపర్ కొన్నాను. బట్ట టాప్ వెనక్కి మడుచుకునే ఓపెన్ కారు. ఆయన దాంట్లో ఏడాదైనా సరిగా తిరగకుండానే కాలం చేశారు. 2023 నవంబర్ 18న దాన్ని వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చి, యూపీఐలో 900 రూపాయలు కట్టాను. సాయంత్రం తీసుకునేసరికి వెనక అద్దం పైన కుట్టు జానెడు విడిపోయి ఉంది, వెనక సీటు తడిసి ముద్దయింది. (అద్దం ఒక మూల అంతకుముందే కాస్త లేచినట్టుండేది, అది పెద్ద విషయం కాదు.) మర్నాడే ఫొటోలు తీసి సర్వీసింగ్ సెంటర్ ఓనరుకు వాట్సాప్‌లో పంపాను. ‘చేయించేస్తాం సార్’ అంటూ ఏడాది తిప్పాడు. ఇప్పుడు స్లిప్ మీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం జరిగితే కారు యజమానిదే బాధ్యత) అని ఉంది చూసుకోమంటున్నాడు. విశాఖ వర్క్‌షాప్‌వాళ్లు 2024 జనవరిలో కొత్త టాప్‌కు 2,60,000 ఎస్టిమేట్ ఇచ్చారు. డబ్బు సర్దుబాటయ్యాక ఈమధ్యే మార్పించడానికి కారు వాళ్ల దగ్గర పెట్టాను. మొన్న మొంథా తుపానులో చిరిగిందని క్లెయిమ్ పెట్టేయమని ఇన్సూరెన్స్ ఏజెంటు అంటున్నారు. ఇకమీదట ఇంటి ముందే కడుక్కుందామంటే, ఎదురింటివాళ్లు కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేస్తామంటున్నారు. మా ఇంటి ముందు స్థలం మాది కాదా? నాకు న్యాయం జరిగే దారి ఉందా?
ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: నాన్నగారి కోరిక, ఓనరు మాట తప్పడం, ఎదురింటివాళ్ల గొడవ, ఇవేవీ మీ కేసును తేల్చవు. తేల్చేది ఒక్కటే. ఆ రోజు ఉదయం మీరు తాళం ఇచ్చినప్పుడు టాప్ ఎలా ఉంది, సాయంత్రం మీ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉంది? ఆ మాట వినియోగదారుల కమిషన్ ముందు చెప్పుకునే గడువు ఈ నెల, అంటే 2025 నవంబర్ 18తో తీరిపోతోంది. కాబట్టి ముందు తేదీ సంగతి చూద్దాం.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు మూలమైన సంఘటన) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. చిరుగు మీకు తెలిసింది 2023 నవంబర్ 18న. మర్నాడు ఫొటోలు పంపారు కాబట్టి ‘నాకు తర్వాతెప్పుడో తెలిసింది’ అనడానికి వీల్లేదు, అననూ వద్దు. ఓనరు ఏడాది పొడుగునా ‘చేయించేస్తాం’ అన్నాడు కాబట్టి గడువు ఆగిందని మీరు అనుకుంటున్నారు. ఆగలేదు. నోటి మాటతో ఆగదు, వకీలు నోటీసు ఇచ్చినా ఆగదు. ఒక నోటీసు, దానికి జవాబు, మళ్లీ ఇంకో నోటీసు అంటూ కూర్చుని గడువు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. రెండేళ్లు చేతిలో పెట్టుకుని చివరి రెండు వారాల్లో రాశారు మీరు. ఇది అజాగ్రత్తే. గడువు దాటాక కూడా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ ‘వాడు చేస్తానన్నాడు, నేను నమ్మాను’ అనేది చాలా బలహీనమైన కారణం. దాని మీద ఆధారపడకండి. ఈ వారంలోనే దాఖలు చేయండి.

ఇక ఆ పూట సంగతి. మీరు కారు అప్పగించిన క్షణం నుంచి చట్టం దాన్ని బెయిల్‌మెంట్ (పని అయ్యాక తిరిగి తీసుకునేలా వస్తువును అప్పగించడం) అంటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, అప్పగించిన వస్తువు అంతే పరిమాణం, అంతే నాణ్యత, అంతే విలువ ఉన్న తన సొంత వస్తువైతే మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అంత జాగ్రత్త తీసుకోవాలి. బాగున్న వస్తువు ఇచ్చి, పాడైన వస్తువు తీసుకున్నామని మీరు చూపించగలిగితే, జాగ్రత్త తీసుకున్నానని చూపించాల్సిన భారం సర్వీసింగ్‌వాడి మీద పడుతుంది. స్లిప్ మీది ‘ఓనర్స్ రిస్క్’ అక్షరాలకు మీరు భయపడక్కర్లేదు. హోటల్‌కు అప్పగించిన కారు పోయిన తాజ్‌మహల్ హోటల్ కేసులో, 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అప్పగించుకున్నవాడి నిర్లక్ష్యం కనిపిస్తున్నప్పుడు ఆ ముద్ర వాడిని కాపాడదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బ్రాకెట్‌లో పెట్టిన ఆ ఒక్క వాక్యం. అద్దం మూల ముందే లేచి ఉంది. మీకది పెద్ద విషయం కాదు, అవతలి వకీలుకు అదే కేసు మొత్తం. సెక్షన్ 150 ప్రకారం, వస్తువు అప్పగించేవాడు తనకు తెలిసిన లోపాన్ని చెప్పాలి. చెప్పకపోతే ‘ముందే ఊడిపోయే టాప్ ఇచ్చి మా మీద తోస్తున్నాడు’ అంటారు. దాచకండి. ఫిర్యాదులో మీరే రాయండి: మూల లేచింది ఇక్కడ, కుట్టు విడిపోయింది అక్కడ, రెండూ వేరు. చిరుగు ఆ మూల దగ్గర మొదలు కాలేదని ఫొటోలే చెప్పాలి.

ఆ ఫొటోల మాటకొస్తే, ఉత్తరం మూడో పేజీలో మీకు తెలియకుండానే మంచి సాక్ష్యం ఇచ్చారు. 2023 దీపావళి నాడు, అంటే నవంబర్ 12న, పిల్లలు కారు వెనక నిలబడి ఫొటోలు దిగారన్నారు. సర్వీసింగ్‌కు సరిగ్గా ఆరు రోజుల ముందు. అందులో వెనక అద్దం పైన కుట్టు గీత తిన్నగా కనిపిస్తే, మీ కేసులో అంతకు మించిన కాగితం లేదు. అవతలివాళ్లు అదే ఫొటో చూసి కాకరపువ్వొత్తి రవ్వలు పడి టాప్ పోయిందని అనొచ్చు. రవ్వ పడితే గుండుసూదంత కన్నం, అంచు మాడి గట్టిగా ఉంటుంది. కుట్టు జానెడు విడిపోవడం అలా ఉండదు. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే ఒక్కచోట పట్టీలా పీచు లేస్తుంది, దారం అక్కడే తెగి పైకి వస్తుంది, చుట్టూ బట్ట గట్టిగానే ఉంటుంది. ఎండకు పాతబడి పోయిన టాప్ అయితే రంగు అంతటా వెలిసి, దారం ఎక్కడ గిల్లినా పొడి అవుతుంది. ఈ తేడాను వర్క్‌షాప్ మెకానిక్ చూసి, అఫిడవిట్‌గా రాసివ్వాలి. ఇప్పుడే ఫోన్ తీసి వర్క్‌షాప్‌కు చెప్పండి: విప్పిన పాత టాప్‌ను పారేయొద్దని, తుక్కుకు ఇవ్వొద్దని. అది పోతే మిగిలేది మీ మాట మీద వాళ్ల మాట. సర్వీసింగ్ సెంటర్ కెమెరా రికార్డు ఆ వారంలోనే అడిగి ఉంటే ఇంత శ్రమే ఉండేది కాదు, అవి కొద్ది వారాల్లో చెరిగిపోతాయి.

కారుతో పాటు వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో బట్ట టాప్ కడగడం, ప్రెషర్ గన్ వాడకం గురించి ఉన్న పేజీలు కూడా జత చేయండి. కంపెనీ హెచ్చరించిన పనిని డబ్బు తీసుకుని కడిగేవాడు చేశాడంటే, అదే సేవాలోపం. ఫొటోలను వాట్సాప్ నుంచి కాదు, తీసిన ఫోన్‌లోని అసలు ఫైళ్ల నుంచే ప్రింట్ తీయించండి. వాట్సాప్‌లో వెళ్లిన ఫొటోకు తీసిన తేదీ వివరాలు మిగలవు. వాటికీ, ఓనరు మెసేజ్‌లకూ భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్లు సాక్ష్య నియమాలను కోర్టులంత కఠినంగా పట్టించుకోవు, అయినా జత చేస్తే అవతలివాడికి వంక దొరకదు. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి.

ఏజెంటు చెప్పిన దారి గురించి గట్టిగా చెబుతున్నాను: ఆ వైపు వెళ్లకండి. 2023లో చిరిగిన టాప్ 2025 అక్టోబర్ తుపానులో చిరిగిందని సంతకం పెడితే అది అబద్ధపు క్లెయిమ్. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 318 కింద మోసం చేసి సొమ్ము రాబట్టుకోవడానికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. దొరకరనుకోకండి. అదే చిరుగుకు 2024 జనవరి తేదీతో వర్క్‌షాప్ ఎస్టిమేట్ ఉంది, 2023 నవంబర్ 19న మీరే పంపిన ఫొటో ఓనరు ఫోన్‌లో ఉంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఒక్క ఫోన్ కాల్‌తో పట్టుకుంటాడు. పైగా ఆ క్లెయిమ్ ఫారం కమిషన్‌కు చేరిందా, సర్వీసింగ్‌వాడు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ‘తుపానులో చిరిగిందని ఆయనే రాశాడు’ అంటే చాలు. ఇప్పటికే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. పాత తేదీతో కొత్త బిల్లు రాయించుకుందామని ఎవరైనా అన్నా జవాబు ఇదే.

ఇంకొక ప్రశ్నకు మీరే నిజాయతీగా జవాబు చెప్పుకోండి. స్నేహితుల పెళ్లి ఊరేగింపులకు కారు ఇస్తుంటానన్నారు. అద్దె తీసుకున్నారా? తీసుకుని ఉంటే వాణిజ్య అవసరం కోసం పొందిన సేవ అని అవతలివాళ్లు మొదటి రోజే అభ్యంతరం లేపుతారు. ఊరికే ఇచ్చి ఉంటే ఆ మాట ఫిర్యాదులోనే ఒక వాక్యంలో రాయండి.

దాఖలు చేయడం కష్టం కాదు. మీరు విజయనగరంలోనే ఉంటున్నారు కాబట్టి సెక్షన్ 34 కింద ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. కేసు ఏ స్థాయి కమిషన్ పరిధిలోకి వస్తుందో లెక్కించేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన మొత్తాన్ని బట్టి. మీరు చెల్లించింది 900. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. స్లిప్ మీద షాపు పేరే ఉందన్నారు, యజమాని పేరు లేదు. అందులో జీఎస్టీ నంబర్ ఉంటే జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టండి, వ్యాపారి అసలు పేరు వస్తుంది. ప్రతివాదిగా ఆ పేరే పెట్టండి. టాప్ ఖర్చు, సీటు మరమ్మతు, కేసు ఖర్చులు అడగండి. మనోవేదనకు లక్షలు అడిగితే ఫిర్యాదు బలం తగ్గుతుంది, మితంగా అడగండి. నోటీసు అందాక అవతలివాడికి జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. మధ్యవర్తిత్వానికి పంపితే వెళ్లండి, కానీ డబ్బు ఖాతాలో పడేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోకండి.

ఏ కారణంగానైనా 18 దాటిపోతే, ఆస్తికి జరిగిన నష్టానికి సివిల్ దావా వేసే దారి ఒకటి మిగులుతుంది. దానికి గడువు మూడేళ్లు, అంటే 2026 నవంబర్ దాకా. కోర్టు ఫీజు కట్టాలి, కాలం ఎక్కువ పడుతుంది.

ఇంటి ముందు జాగా గురించి: మీది కాదు. గుమ్మం దాటితే వీధి అందరిదీ. రాళ్లు పెట్టి, తాడు కట్టి కారు కోసం జాగా ఆపితే దారికి అడ్డు పెట్టడమే, న్యాయ సంహిత సెక్షన్ 285 కింద 5,000 వరకు జరిమానా. పైపు పెట్టి కడిగిన నీళ్లు ఎదురింటి గుమ్మం ముందు మడుగు కడితే వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. వాళ్లతో దెబ్బలాడకుండా పైపు మానేయండి. ఈ కారుకు పైపు అవసరం లేదు.

కడిగాక మళ్లీ నీళ్లు పోయనక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రావణాలు దొరుకుతాయి. సాధారణంగా 8 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు, సీసా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. ఒక బకెట్, ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. ఎండ లేని వేళ, ముందు వేపాకులు, దుమ్ము చేత్తో తీసి, మెత్తని బ్రష్‌తో టాప్ మీది ధూళి రాల్చండి. పిట్టరెట్ట బట్టను పాడుచేస్తుంది, ఎండనివ్వకుండా తడిగుడ్డతో అద్ది వెంటనే తీసేయండి. ఒక తలుపు తుడవడం, వెంటనే ఆరగుడ్డతో అద్దడం, తర్వాత ఇంకో తలుపు. మట్టిపట్టిన వైపు మడత మార్చకుండా తుడిస్తే పెయింట్ మీద గీతలు పడతాయి. టాప్‌కు షాంపూ నురగను బట్ట నేత వెంబడి తేలిగ్గా రుద్ది, తడిగుడ్డతో రెండు మూడుసార్లు తీసేయండి. బ్లీచ్, కారు పాలిష్, వ్యాక్స్ బట్టకు తగలనివ్వొద్దు. పూర్తిగా ఆరేదాకా మడవొద్దు. తడి టాప్ మడిచి ఉంచితే బూజు మచ్చలు వస్తాయి, అవి తేలిగ్గా పోవు. ఆరాక, అద్దానికీ పెయింట్‌కూ కాగితం అంటించి, బట్ట టాప్‌ల కోసం అమ్మే నీరు అంటనివ్వని స్ప్రే కొట్టండి. చుక్కలు పూసల్లా జారినంత కాలం అది పనిచేస్తున్నట్టే. చుక్క పరుచుకుని ఇంకుతోందంటే మళ్లీ కొట్టాలి.

టాప్ మడిచే గాడిలో నీళ్లు పోయే రంధ్రాల్లో వేపాకులు ఇరుక్కుంటాయి, అప్పుడు కుట్టు బాగున్నా నీళ్లు లోపలికే వస్తాయి. అరమగ్గు నీళ్లు మెల్లగా పోసి కారు కిందకి కారుతున్నాయో లేదో చూడండి. ఇనుప తీగ దూర్చితే లోపలి గొట్టం ఊడిపోతుంది. పైన నీలం బరకం కప్పకండి, చెమ్మ లోపలే ఉండిపోయి బట్ట కుళ్లుతుంది. గాలి ఆడే కవర్ కొనండి, దుమ్ము తుడవకుండా వేయకండి.

మళ్లీ ఎప్పుడైనా సర్వీసింగ్‌కు ఇవ్వాల్సి వస్తే, తాళం ఇచ్చే ముందు టాప్‌ను నాలుగు వైపులా, అద్దం అంచులు కనిపించేలా ఫొటోలు తీయండి. వాళ్ల స్లిప్ రెండు కాపీల మీదా మీ చేత్తో రాయండి: ‘బట్ట టాప్. పైన ప్రెషర్ గన్ వాడరాదు. చేత్తో మాత్రమే కడగాలి.’ అప్పటికే ఏ లోపమైనా ఉంటే అదీ రాయండి. కింద వాళ్ల సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే కారు వెనక్కి తెచ్చుకోండి.